షూటింగ్ వాళ్ళు ఊళ్ళోకి వస్తే ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి

మాది సింగరాయకొండ నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరు. రెండు వందల గడప కూడా ఉండదు. ఒక పక్క పొగాకు చేలు, ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లు. ఇంకో పక్క సరుగుడు తోటలు, అవి దాటితే ఇసుక, ఆపైన సముద్రం. పాత పెంకుటిళ్ళు ఇంకా పది పన్నెండు మిగిలాయి. వాటి కోసమే మా ఊరికి షూటింగులు వస్తాయి. ఇప్పటికి నాలుగు వచ్చాయి: ఒక సీరియల్, రెండు సినిమాలు, ఒక వెబ్ సిరీస్. మొదటిది వచ్చినప్పుడు మాకు ఏమీ తెలీదు. ఎవరో హీరోయిన్‌ని చూస్తామన్న సంబరం తప్ప ఇంకేం ఆలోచించలేదు. నాలుగోది వచ్చేసరికి వాళ్ళ ప్రొడక్షన్ మేనేజరే, "అక్కా, మీరు రాయించుకున్న ఈ కాగితం జిరాక్స్ ఒకటి ఇవ్వండి, పక్క ఊళ్ళో కూడా ఇదే పెడతాం, గొడవలుండవు" అని అడిగి తీసుకెళ్ళాడు.

నేను డ్వాక్రా సంఘంలో లెక్కలు రాస్తాను. తీర్మానాల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. అందుకే షూటింగ్ మాటలు కూడా నా నెత్తిన పడ్డాయి. మధ్యలో తిన్న దెబ్బల వల్ల నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్ళో చెరువు ఉన్నా, కొండ ఉన్నా, పాత మేడ ఉన్నా ఎప్పుడో ఒకరోజు ఎవరో ఫోన్ పట్టుకుని ఫొటోలు తీసుకుంటూ వస్తారు. ఆ రోజుకు ఇది పనికి రావాలని నా కోరిక.

ముందు మా గోడ సంగతి

మా అత్తగారిల్లు నాలుగు స్తంభాల వసారా ఉన్న పెంకుటిల్లు. వెనక గది తలుపు పక్కన గోడ మీద మా మామయ్య బొగ్గుతో గీసిన గీతలు ఉండేవి. మా బ్యారన్‌లో ఒక్కో క్యూరింగ్, అంటే ఒక దఫా ఆకు ఆరబెట్టడం, అయినప్పుడు ఒక గీత. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా. పైన ఆ ఏడాది అంకె. అట్టా పదకొండేళ్ళ లెక్క. ఆయన పోయాక ఏటా సంక్రాంతికి సున్నం వేసేటప్పుడు అత్తమ్మ ఆ బారెడు గోడ మాత్రం వదిలేయించేది. సున్నం వేసేవాళ్ళకు ముందే చెప్పి పక్కనే నిలబడేది.

మొదటి సినిమా వాళ్ళు ఇల్లు పది రోజులకు తీసుకున్నారు. మేం ముందువైపు రెండు గదులు, వసారా ఇచ్చామనుకున్నాం. వాళ్ళు మొత్తం ఇల్లు అనుకున్నారు. కాగితం లేదు, అంతా నోటిమాటే. అత్తమ్మని తీసుకుని నేను ఒంగోలు కంటి ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు వెనక గదికి నీలం రంగు వేసేశారు. గీతలు లేవు. నేను గట్టిగా అడిగేసరికి వాళ్ళు నిజంగానే భయపడిపోయి, ఆ రాత్రికి రాత్రే రంగు గీకి మళ్ళీ తెల్ల సున్నం పూశారు. గోడ ముందుకంటే నీట్‌గా తయారైంది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. చాలాసేపు గోడ మీద చెయ్యి పెట్టి నిలబడి, "గీకేటప్పుడు గుర్తైనా కనపడలేదా నాయనా" అని ఒక పిల్లాడిని అడిగింది.

ఆ కుర్రాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మేము.

అందుకని నా మొదటి సలహా ఇది. అడ్వాన్స్ చేతికి తీసుకోకముందే, వాళ్ళ మేనేజర్‌నో ఆర్ట్ అసిస్టెంట్‌నో వెంటబెట్టుకుని ఇల్లంతా తిరగండి. ఫోన్‌లో వీడియో తీయండి. గోడలు, గడపలు, తలుపు చీలలు, పెంకులు, బావి గిలక, తులసికోట, అన్నీ. తీసేటప్పుడు నోటితో చెప్పండి: "ఇది ముట్టుకోకూడదు. ఇక్కడ మేకు కొట్టకూడదు. ఈ గది మీకు ఇవ్వడంలేదు, తాళం వేస్తున్నాం." ఆ గొంతు వీడియోలో పడాలి. అదే రోజు ఆ వీడియో మేనేజర్ వాట్సాప్‌కు పంపండి. తర్వాత గొడవొస్తే తేదీతో సహా అక్కడ ఉంటుంది. ముట్టుకోకూడని వాటికి సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టండి. మేం ఇప్పుడు పసుపుతాడు కడుతున్నాం. మన పిల్లలైనా వాళ్ళ పిల్లలైనా పసుపుతాడు కట్టినదాన్ని ముట్టుకోరు.

సున్నం గోడ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. సున్నం మీద ప్లాస్టిక్ పెయింట్ వేస్తే గోడ ఊపిరాడక ఉబ్బి, వానాకాలంలో పొరలు పొరలుగా ఊడుతుంది. రంగు మార్చాల్సి వస్తే సున్నంలో రంగు కలిపి వేయమనండి, లేదా గోడ ముందు ప్లైవుడ్ పలక నిలబెట్టి దానికి వేసుకోమనండి. ఆర్ట్ వాళ్ళకు ఈ పని బాగా వచ్చు. మనం అడగకపోతే సులువైన దారి చూసుకుంటారు, అంతే.

రెక్కీ రోజునే మాట్లాడాలి

ముందు ఇద్దరో ముగ్గురో కారులో వస్తారు. దాన్ని రెక్కీ అంటారు. ఒకరు కో-డైరెక్టర్, ఒకరు కెమెరామెన్ మనిషి. అప్పుడు వాళ్ళకు మనం కావాలి. షూటింగ్ మొదలై, ఆర్టిస్టుల కాల్షీట్లు దగ్గర పడ్డాక ఒక్కో గంట వాళ్ళకు డబ్బు, టెన్షన్. అప్పుడు ఏది అడిగినా చిరాకే. కాబట్టి టీ ఇచ్చి కూర్చోబెట్టి ఆ మొదటి రోజే అన్నీ అడగాలి. ఎన్ని రోజులు? పగలా, రాత్రా? యూనిట్ ఎంతమంది? జనరేటర్, కారవాన్లు ఎక్కడ పెడతారు? వర్షం, నిప్పు, కొట్లాట సీన్లు ఉన్నాయా? మైకులో లైవ్ సౌండ్ తీసుకుంటారా, తర్వాత డబ్బింగ్ చెప్పుకుంటారా? ఈ చివరిది చాలామంది అడగరు. లైవ్ సౌండ్ అయితే ఊరంతా నోరు మూసుకోవాలి. పిండిమర ఆపమంటారు, మోటారు ఆపమంటారు, గుడి మైకు ఆపమంటారు. దాని విలువ వేరు.

వాళ్ళకు ఏ నెల మంచిదో కూడా మనమే చెప్పాలి. హైదరాబాద్‌లో, చెన్నైలో కూర్చున్న వాళ్ళకు మన కాలాలు తెలియవు. ఒక సినిమా వాళ్ళు పచ్చని చేలు కావాలని మే నెలలో వచ్చారు. మే నెలలో ఇక్కడ పచ్చగా ఉండేది సరుగుడు, తాటిచెట్టు మాత్రమే. పచ్చటి వరి కావాలంటే జనవరి, ఫిబ్రవరిలో నెల్లూరు దగ్గర పెన్నా కాలువల కింద కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు పొమ్మనండి. తెల్లటి ఉప్పు మడులు కావాలంటే ఎండలు ముదిరాక అల్లూరు దగ్గర ఇస్కపల్లి వైపు. ఎర్రటి ఎండిన నేల, రాళ్ళ గుట్టలు కావాలంటే వేసవిలో ఉదయగిరి, కనిగిరి పక్క. భైరవకోనలో, పెంచలకోనలో జలపాతం చూడాలంటే వానలు పడ్డాకే. నేలపట్టు గూడబాతులు అక్టోబర్ నుంచి మార్చి దాకా. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు ఏడాది పొడుగునా ఒకటేలా ఉంటాయి, కానీ పేలుళ్ళు జరిగే చోటు కాబట్టి క్వారీ వాళ్ళు ఒప్పుకున్న వేళలోనే తీయాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య మా తీరానికి ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు. ఆ నెలల్లో సముద్రం ఒడ్డున సెట్ వేస్తామంటే వద్దని చెప్పడమే వాళ్ళకు చేసే మేలు.

అనుమతులు

యూనిట్ వాళ్ళు రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ నుంచి అనుమతి తెచ్చుకుంటారు. ఆ కాగితం జిరాక్స్ పంచాయతీకి ఇమ్మనండి. దాంతో పాటు పోలీస్ స్టేషన్‌కు తెలియజేసిన కాగితం కూడా. డమ్మీ తుపాకులు, కత్తులు ఉంటే ఎస్సైగారికి ముందే చెప్పి తీరాలి. మా పక్క ఊళ్ళో రోడ్డు మీద కొట్లాట సీన్ తీస్తుంటే నిజమనుకుని బస్సులో వాళ్ళు 100కు ఫోన్ చేశారు.

2022లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి మా దగ్గర ఇంకో చిక్కుంది. సూళ్ళూరుపేట, నేలపట్టు, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి. చీరాల బాపట్లలోకి పోయింది. యూనిట్ వాళ్ళు పాత జిల్లా పేరుతో ఉత్తరం తెచ్చి నిలబడతారు. మీ మండలం ఏ కలెక్టరేట్ కిందకు వస్తుందో మీరే చెప్పేయండి, వాళ్ళకు రెండు రోజులు కలిసొస్తాయి.

నల్లమల వైపు అయితే అది పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా కెమెరా దించకూడదు. సరుగుడు తోట అయినా పట్టా తోటా, అటవీ శాఖదా చూసుకోండి. డ్రోన్ ఎగరేస్తామంటే, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందు అనుమతి అక్కర్లేని చోట, ఉందో లేదో చూపించమనండి. గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగుల దాకానే. ఇంకో మాట, డ్రోన్ మన పెరళ్ళ మీదుగా పోతుంది. మా వీధిలో ఆడవాళ్ళు ఆరుబయట స్నానాల గదులు వాడతారు, పైకప్పు ఉండదు. అందుకే డ్రోన్ లేపే ముందు పావుగంట ముందు వీధిలో దండోరా వేయించాలని మా కాగితంలో రాశాం.

రాత్రి షూటింగ్ అయితే పది దాటాక పొద్దున ఆరు దాకా మైకులు, స్పీకర్లు వాడకూడదన్నది చట్టంలోనే ఉంది. పాటకు నాగ్రా (రికార్డు చేసిన పాట వినిపించే పెట్టె) పెట్టి డాన్స్ చేయించేవాళ్ళకు ఇది గుర్తు చేయాలి.

బ్యారన్

మా వైపు వచ్చే ప్రతి డైరెక్టర్‌కూ బ్యారన్ కావాలి. ఎత్తుగా, కిటికీలు లేకుండా, పక్కన పొగ గొట్టంతో ఉంటుంది కదా, కెమెరాలో బాగుంటుందట. లోపల పైనుంచి కిందదాకా కర్రలు, వాటికి వేలాడే ఆకు చూసి ఒక కెమెరామెన్ నోరు తెరిచి అట్టాగే నిలబడిపోయాడు.

నడుస్తున్న బ్యారన్‌ని ఎంత ఇచ్చినా ఇవ్వొద్దు. పచ్చి ఆకు ఎక్కించాక ఐదారు రోజులు రాత్రింబవళ్ళు మంట చూసుకుంటూ, వేడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మొదటి దశలో ఆకు పసుపు తిరగాలి. అప్పుడు తలుపు బార్లా తెరిచి లైట్లు పెట్టి, "ఒక్క షాట్, రెండు నిమిషాలు" అంటే ఆ వేడి, ఆ తేమ పోయి ఆకు రంగు చెడుతుంది. వేలం ఫ్లోర్‌లో రంగు చూసే ధర కడతారు. మా బావగారు ఆ రెండు నిమిషాలకు ఒప్పుకున్నారు. అవి నలభై నిమిషాలయ్యాయి. ఆ బ్యారన్ ఆకు పచ్చ మరకలతో దిగింది. యూనిట్ ఇచ్చిన అద్దె, ఆకు మీద పోయిన డబ్బులో సగం కూడా లేదు.

మార్చి, ఏప్రిల్ దాటి క్యూరింగులు అయిపోయాక బ్యారన్లు ఖాళీ. అప్పుడు ఎన్ని రోజులైనా ఇవ్వండి. కర్రలకు ఆకు కట్టే ఆడవాళ్ళను కూడా కూలి ఇచ్చి పిలుచుకోమనండి. ఆ చేతివాటం జూనియర్ ఆర్టిస్టులకు రాదు. ఒకామె కట్టే వేగం చూసి డైరెక్టర్ ఆమె చేతుల మీదే క్లోజప్ పెట్టాడు. బ్యారన్ పొయ్యిలో మంట నిజంగా వేయాలంటే మాత్రం రోజూ మంట వేసే మనిషే వేయాలి, పక్కన నీళ్ళ డ్రమ్ములు ఉండాలి. బేళ్ళు కట్టిన పొగాకు ఉన్న కొట్టం పక్కన స్మోక్ మెషిన్ గానీ టపాసులు గానీ వద్దు.

సముద్రం ఒడ్డున

పాలెంలో, అంటే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో, పద్ధతి వేరు. అక్కడ సర్పంచ్‌తో మాట్లాడితే సగమే అయినట్టు. కాపులు, అంటే పాలెం పెద్దలు, కూర్చుని ఒప్పుకోవాలి. వాళ్ళు దురాయి (కట్టుబాటు) వేశారంటే ఒక్క తెప్ప కదలదు, ఒక్క మనిషి ఫ్రేములోకి రాడు. ఒకసారి ఒక యూనిట్ ఒక్క బోటు యజమానితో బేరమాడుకుని పొద్దున్నే ట్రాలీ పట్టాలు వేశారు. సరిగ్గా వేటకు పోయిన బోట్లు తిరిగొచ్చే వేళ. చేపలు దించే చోట పట్టాలు, లైట్లు. గంపలతో ఎదురుచూసే ఆడవాళ్ళను పక్కకు జరగమన్నారు. అంతే, ఆ రోజు షూటింగ్ లేదు. నేను పోయి మాట్లాడితే పాలెం పెద్దాయన ఒకటే అన్నాడు: "అమ్మా, మా చోటు అడిగితే ఇస్తాం. మా పొద్దు అడిగితే ఎట్టా ఇస్తాం?"

ఆ మాట నేను తర్వాత అన్ని బేరాల్లోనూ పెట్టుకున్నాను. చోటుకు ఒక లెక్క, పొద్దుకు ఒక లెక్క. పాలు పోసే వేళ, బడి వదిలే వేళ, నీళ్ళొచ్చే వేళ, చేపలు దించే వేళ, ఇవి ఒక కాగితం మీద రాసి, ఈ గంటల్లో దారి ఆపకూడదని యూనిట్‌తో సంతకం పెట్టించండి. తప్పదంటే ఆ రోజు ఆదాయం ఎవరెవరికి పోతుందో వాళ్ళందరికీ కట్టాలి. బోటు యజమానికే కాదు, చేపలమ్ముకునే ఆడవాళ్ళకు కూడా.

బోట్లు ఖాళీగా దొరికే కాలం ఒకటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. 61 రోజులు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, చేతిలో పని ఉండదు. అప్పుడు షూటింగ్ వస్తే పాలెంకు నిజమైన ఆసరా. మా దగ్గరకు వచ్చే ప్రతి మేనేజర్‌కూ నేను ఈ తేదీలు చెప్తాను.

ఇంకొకటి తాబేళ్ళు. జనవరి నుంచి రెండు మూడు నెలలు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట మన ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. పెద్ద లైట్లు వేస్తే తల్లి వెనక్కి తిరిగిపోతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం మెరుపు అనుకుని లైటు వైపు నడుస్తాయి. ఆ నెలల్లో ఇసుక మీద రాత్రి షూటింగ్‌కు మేం ఒప్పుకోం. పగలు తీసి రాత్రిలా చూపించే పద్ధతి వాళ్ళ దగ్గర ఉంది, వాడుకోమనండి. ఎవరైనా నీళ్ళలోకి దిగే సీన్ ఉంటే పాలెం ఈతగాళ్ళు నలుగురు, ఒక తెప్ప పక్కన ఉండాలి, వాళ్ళకు కూలి వేరే. మా తీరం చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది, లోపలి లాగుడు మా వాళ్ళకే తెలుసు.

పశువులు, పిల్లలు

ఒంగోలు గిత్త లేకుండా మా ఊళ్ళో సినిమా తీయరు. గిత్తని ఇచ్చే రైతులు ముందు అడగాల్సింది జంతు సంక్షేమ బోర్డు అనుమతి. సినిమాలో జంతువును వాడాలంటే ముందుగా ఆ బోర్డు అనుమతి ఉండాలి. అది లేకపోతే సెన్సార్ దగ్గర ఆ సీన్ ఆగిపోతుంది. చిన్న యూనిట్లు, "ఊరికే పక్కన కట్టేస్తాం అన్నా" అంటాయి. ఆ ఊరికేలోనే జనరేటర్ శబ్దానికి గిత్త పలుపు తెంచుకుంటుంది. పక్కన ఎప్పుడూ యజమానే ఉండాలి, నీడలో కట్టాలి, షాట్ లేనప్పుడు లైట్ల కింద నిలబెట్టకూడదు. చూడి ఆవుల్ని అసలు ఇవ్వొద్దు.

పిల్లల విషయంలో నేను అస్సలు తగ్గను. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు నటించాలంటే నిర్మాత కలెక్టర్ అనుమతి తెచ్చుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పనిచేయించకూడదు. వరసగా 27 రోజులకు మించకూడదు. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడైన మనిషి ఉండాలి. వాళ్ళకు వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇదంతా 2017లో వచ్చిన నిబంధనల్లో ఉంది. మా ఊరి పాపకు సీరియల్‌లో హీరోయిన్ చిన్నప్పటి వేషం ఇచ్చినప్పుడు వాళ్ళమ్మ, "డబ్బులొస్తున్నాయి కదొదినా, మనమెందుకు అడగడం" అంది. అడిగాం. మేనేజర్ మొహం ముడుచుకున్నా బ్యాంకు బాండు తెచ్చి ఇచ్చాడు. ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి, బాండు నా బీరువాలోనే ఉంది.

ఆడవాళ్ళు గుంపు సీన్లలో ఉంటే బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియపడే గది, బాత్రూమ్ ముందే చూపించాలి. "స్కూల్లో చూసుకుంటాం" అన్న మాట కుదరదు.

సెట్ వేసిన గుడి

ఈ సంగతి ఏ ఊరికైనా జరగొచ్చు. రెండో సినిమా వాళ్ళు మా ఊరి చివర వేపచెట్టు కింద పోలేరమ్మ గుడి సెట్ వేశారు. థర్మాకోల్ గోడలు, ప్లాస్టర్ విగ్రహం. చూస్తే నూరేళ్ళ గుడిలా ఉంది. మూడో రోజు పొద్దున చూస్తే విగ్రహానికి పసుపు, కుంకుమ, ముందు దీపం. ఎవరో ముసలమ్మ పెట్టింది. నాలుగో రోజు కొబ్బరికాయలు. వారానికి ఒక పిల్లాడి జ్వరం తగ్గిందని మొక్కు కూడా తీర్చారు. షూటింగ్ అయిపోయి సెట్ విప్పేస్తామంటే, "అమ్మవారిని విప్పుతారా?" అని ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. యూనిట్ కుర్రాళ్ళు వణికిపోయారు. చివరికి మా పూజారిగారు వచ్చి, కలశంలోకి పిలిచినట్టు మంత్రం చదివి, విగ్రహాన్ని మేళంతో సముద్రానికి తీసుకెళ్ళారు. ఖర్చు యూనిట్ పెట్టుకుంది. ప్లాస్టర్ నీళ్ళలో కరగదని పాలెం వాళ్ళు ఒప్పుకోకపోతే, ఒడ్డునే నీళ్ళు చల్లి పూజ చేసి, బొమ్మని లారీలోనే పంపించాం.

అప్పటి నుంచి కాగితంలో ఒక వాక్యం ఉంది: దేవుడి సెట్ వేస్తే తీసే పద్ధతి, తీసే రోజు, పూజారి ఖర్చు ముందే తేల్చాలి. అలాగే షాట్ లేనప్పుడు విగ్రహానికి గుడ్డ కప్పి ఉంచాలి. ఊరి పేరు మార్చి పెట్టిన బోర్డులు, పోలీస్ స్టేషన్ బోర్డులు కూడా ప్రతి సాయంత్రం తీసేయాలి. రాత్రి బస్సు డ్రైవర్ కొత్త పేరు చూసి మా ఊరు దాటిపోయి, ఇద్దరు ఆడపిల్లలు రెండు కిలోమీటర్లు చీకట్లో నడిచొచ్చారు.

నీళ్ళు, చెత్త, కరెంటు

త్వరగా చెప్తాను. ట్యాంకర్ నీళ్ళు వాళ్ళే తెచ్చుకోవాలి, ఊరి బోరు మీద పడకూడదు. మొబైల్ టాయిలెట్లు వాళ్ళవే. జనరేటర్ వ్యాన్ తాగునీటి బోరుకు దూరంగా, కింద రేకు వేసి పెట్టాలి, డీజిల్ కారుతుంది. పంచాయతీ స్తంభం నుంచి కొండీలు వేయకూడదు. సిమెంట్ రోడ్డు మీద బరువు లారీలు ఎక్కడిదాకా రావాలో గీత గీసి చూపించండి. విస్తళ్ళు, కప్పులు, నీళ్ళ సీసాలు ఏ రోజువి ఆ రోజే ఎత్తాలి. ఆవులు ప్లాస్టిక్ తింటే మాట్లాడటానికి యూనిట్ ఉండదు, మనమే ఉంటాం. వంట మా సంఘం ఆడవాళ్ళకే ఇమ్మని అడిగాం, రెండో సినిమా నుంచి టిఫిన్, టీ మావే. నెల్లూరు చేపల పులుసు పెట్టిన రోజు లైట్‌మెన్లు పేర్లు అడిగి మరీ దండం పెట్టారు.

డబ్బు

మొదటి సీరియల్‌కు ఒక మధ్యవర్తి వచ్చాడు. గుంపు సీన్లకు ఊరోళ్ళకు మనిషికి 400 ఇచ్చాడు. నెల తర్వాత తెలిసింది, యూనిట్ దగ్గర 900 తీసుకున్నాడని. అప్పటి నుంచి మధ్యలో మనిషి లేడు. పేర్లు, రోజులు, డబ్బు సంఘం పుస్తకంలోనే రాస్తాం, సాయంత్రం ప్యాకప్ చెప్పకముందే చేతికిస్తారు. ముఖం దగ్గరగా కనిపించేవాళ్ళు సంతకం పెట్టే కాగితం ఉంటుంది, చదవకుండా పెట్టొద్దు. అందులో మన గొంతు, మన ఫొటో ఎక్కడెక్కడ వాడుకుంటారో ఉంటుంది.

ఇంటి అద్దె, చేను నష్టం, ఊరి నిధికి ఇచ్చేది, ఈ మూడూ వేరువేరుగా రాయండి. అంతా కలిపి ఒక అంకె చెప్తే ఇంటివాళ్ళు, చేనువాళ్ళు తర్వాత కొట్టుకుంటారు. మా ఇంట్లో అన్నదమ్ముల మధ్యే ఆ పేచీ వచ్చింది. అద్దె కాక డిపాజిట్ అడగండి. రోజుల అద్దెలో కనీసం సగం ఉండాలి. మొదటిరోజు తీసిన వీడియో పక్కన పెట్టుకుని, ఇల్లు మళ్ళీ తిరిగి చూశాకే వెనక్కి ఇవ్వాలి.

గుమ్మడికాయ రోజు

షూటింగ్ అయిపోయిన రోజు గుమ్మడికాయ కొడతారు. కొట్టాక ఫోన్లు ఎత్తరు. ఇది చెడ్డతనం కాదు, వాళ్ళు ఆ రాత్రికే ఇంకో ఊరికి పోవాలి. అందుకే ఇంటి తనిఖీ గుమ్మడికాయకు ముందు రోజు మధ్యాహ్నం పెట్టుకోండి. అప్పటికి ఆర్ట్ వాళ్ళు ఇంకా ఉంటారు, మేకుల కన్నాలు పూడ్చడానికి పనివాళ్ళు ఉంటారు.

ఒక్క పని మాత్రం తర్వాత కూడా మిగులుతుంది. కొన్ని షాట్లు బాగా రాలేదని నాలుగైదు నెలలకు ప్యాచ్ వర్క్‌కు వస్తారు. అప్పటిదాకా గోడ రంగు మార్చొద్దు, చెట్టు కొట్టొద్దు, తలుపు తీయొద్దు అంటారు. కంటిన్యుటీ కోసం, అంటే ముందు తీసిన షాట్లతో తేడా రాకుండా. ఎన్నాళ్ళు అలా ఉంచాలో, ఆ నెలలకు ఎంత ఇస్తారో అడ్వాన్స్ రోజునే రాయించండి. మేం ఆరు నెలలు అని రాశాం. కిందటి సంక్రాంతికి ఆ ఆరు నెలలు ఇంకా పూర్తి కాలేదు. ముందు వసారాకు సున్నం వేయలేదు. వెనక గదికి మాత్రం వేయించాం, అత్తమ్మ ఎప్పటిలాగే తలుపు పక్కన నిలబడింది.

మేనేజర్ ఫోన్ నంబరు, వాళ్ళ ఆఫీసు అడ్రసు కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో మాత్రమే ఉంటే వాళ్ళు సిమ్ మార్చినప్పుడు పోతుంది.